జింజర్ అండ్ ఫ్రెడ్ (1986): ఫెల్లీనీ సినిమా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ముగింపు బయటపడే జవాబు ఒక్కటే ఉంది. ఆ ప్రశ్న దగ్గర ముందే చెబుతాం, సినిమా చూడనివాళ్లు దాన్ని దాటేసి చదువుకోవచ్చు.

ఇది ఫ్రెడ్ ఆస్టైర్, జింజర్ రోజర్స్ జీవితకథా?

కాదు. ఈ సినిమా మీద వచ్చే నిరాశలో సగం ఈ అపోహ వల్లే. హాలీవుడ్ జంట ఆస్టైర్, రోజర్స్ 1933 నుంచి 1949 వరకు పది సినిమాల్లో కలిసి నటించారు. తొమ్మిది ఆర్‌కేఓ సంస్థవి, పదోది ఎంజీఎంది. ఫెల్లీనీ సినిమాలో వాళ్లు పాత్రలుగా కనిపించరు. ఇందులో ఉన్నది వాళ్లను అనుకరించి పొట్టపోసుకున్న ఇద్దరు ఇటాలియన్ స్టేజీ డ్యాన్సర్లు, అమేలియా బొనెట్టి, పిప్పో బొత్తిచెల్లా. 1940ల్లో వాళ్ల స్టేజీ పేర్లు జింజర్, ఫ్రెడ్. మన ఊళ్లలో రికార్డింగ్ డ్యాన్సు స్టేజీల మీద డూప్లికేట్ ఎన్టీఆర్‌గా, డూప్లికేట్ చిరంజీవిగా పేరుపడ్డ కళాకారులను చూసినవాళ్లకు ఈ జంటను వేరే పరిచయం చెయ్యక్కర్లేదు.

కథ ఏమిటి?

విడిపోయిన ముప్పై ఏళ్ల తర్వాత ఆ జంటను ఒక ప్రైవేటు టీవీ చానల్ క్రిస్మస్ ప్రత్యేక కార్యక్రమానికి పిలుస్తుంది. అమేలియా ఇప్పుడు వితంతువు. మనవలున్న, పద్ధతిగా బతుకుతున్న మనిషి. రైల్లో రోమ్‌కు వస్తుంది. టెర్మినీ స్టేషన్లో దిగిన దగ్గర్నుంచి ఆమెకు కనిపించేవి పెద్ద పెద్ద ప్రకటన బోర్డులు, చెత్త సంచుల గుట్టలు, ఎక్కడ చూసినా మోగుతున్న టీవీలు. ఊరి శివార్లలో ఉన్న హోటల్లో దింపుతారు. అక్కడ సిబ్బందికి ఫుట్‌బాల్ మ్యాచ్ తప్ప మరో ధ్యాస ఉండదు. పక్క గదిలోంచి వచ్చే గురక భరించలేక ఫిర్యాదు చెయ్యబోతే, గురక పెడుతున్నది పిప్పోయే అని తేలుతుంది. మనిషి ముసలివాడయ్యాడు, తాగుతాడు, చేతిలో డబ్బు లేదు. అయినా నోరు మాత్రం ఊరుకోదు. మర్నాడు స్టూడియోలో ఎదురుచూపులు, మేకప్, హడావుడి రిహార్సల్, చివరికి ప్రసారం. అంతే కథ. మలుపుల కోసం చూస్తే ఏమీ దొరకదు.

ఎవరెవరు పనిచేశారు?

దర్శకుడు ఫెడెరికో ఫెల్లీనీ. స్క్రీన్‌ప్లే ఫెల్లీనీతో పాటు తొనీనో గువెర్రా, తుల్లియో పినెల్లీ. నిర్మాత అల్బెర్తో గ్రిమాల్దీ. ఛాయాగ్రహణం ఇద్దరిది, తొనీనో దెల్లి కొల్లీ, ఎన్నియో గువార్నియేరీ. సెట్లు దాంతే ఫెర్రెత్తి, దుస్తులు దానీలో దొనాతి. సంగీతం నికోలా పియొవాని. అప్పటిదాకా ఫెల్లీనీ ఆస్థాన సంగీతకారుడైన నీనో రోటా 1979లో చనిపోయాడు.

అమేలియాగా ఫెల్లీనీ భార్య జూలియెత్తా మసీనా, పిప్పోగా మార్చెల్లో మాస్త్రోయాన్ని. భర్త సినిమాలో మసీనా నటించి అప్పటికి ఇరవై ఏళ్లు, దానికి ముందుది 1965 నాటి 'జూలియట్ ఆఫ్ ది స్పిరిట్స్'. ఫెల్లీనీ ముఖ్య నటులు ఇద్దరూ ఆయన సినిమాలో జంటగా కనిపించింది ఇదొక్కచోటే. షో యాంకర్‌గా వేసింది ఫ్రాంకో ఫాబ్రీత్సి. 1953లో వచ్చిన 'ఇ వితెల్లోని'లో ఆడవాళ్ల వెంటపడే సోగ్గాడు ఇతనే. అదే నవ్వును ముప్పై ఏళ్ల తర్వాత టీవీ నవ్వుగా వాడుకోవడం ఫెల్లీనీ కొంటెతనం. ముసలి అడ్మిరల్‌గా వేసిన ఫ్రెడరిక్ లెడెబూర్ 1956 నాటి 'మోబీ డిక్'లో క్వీక్వెగ్ అనే తిమింగలాల వేటగాడు.

అమేలియా, పిప్పో లాంటివాళ్లు నిజంగా ఎక్కడ ఆడేవారు?

సినిమా హాళ్లలోనే. 1930ల నుంచి యుద్ధం తర్వాత కొన్నేళ్ల దాకా ఇటలీ హాళ్లలో సినిమాకు ముందు ఒక చిన్న వెరైటీ షో ఉండేది. హాస్యగాడు, గాయని, గారడీవాడు, కాళ్లెత్తి ఆడే అమ్మాయిల వరుస, మధ్యలో ఇలాంటి డ్యాన్సు జంట. దాన్ని అవాన్‌స్పెత్తాకోలో అనేవారు. సినిమా కోసం వచ్చిన జనం వీళ్లను ఏ మొహమాటమూ లేకుండా ఏడిపించేవారు, నచ్చితే చప్పట్లతో మోత పుట్టించేవారు.

ఆ లోకం ఫెల్లీనీకి బాగా తెలుసు. అల్బెర్తో లాత్తువాదాతో కలిసి తీసిన ఆయన మొదటి సినిమా 'వెరైటీ లైట్స్' (1950) ఒక సంచార వెరైటీ బృందం కథే. అందులోనూ మసీనా ఉంది. 1972 నాటి 'రోమా'లో ఒక ముతక వెరైటీ హాల్ సన్నివేశం ఉంది. ప్రేక్షకుడు చచ్చిన పిల్లిని స్టేజీ మీదికి విసిరేంత ముతక. అది చూశాక జింజర్ అండ్ ఫ్రెడ్ చూస్తే, టీవీ స్టూడియోలో సైగ చూసి చప్పట్లు కొట్టే ప్రేక్షకులకూ ఆ హాలు జనానికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫెల్లీనీ కోపం అక్కడుంది.

చానల్ యజమాని లొంబార్దోనీ అంటే బెర్లుస్కోనీయేనా?

పేరెత్తలేదు కానీ చాలా దగ్గరగా కొట్టాడు. ఫుల్వియో లొంబార్దోనీని సినిమాలో 'కవలియేరె' అంటారు. 1977లో ఆ ప్రభుత్వ బిరుదు పొందిన సిల్వియో బెర్లుస్కోనీని ఇటలీ పత్రికలు అలాగే పిలిచేవి. పేరులోని లొంబార్డీ ప్రాంతం వాసన కూడా ఊరికే రాలేదు, బెర్లుస్కోనీది ఆ ప్రాంత రాజధాని మిలన్.

వెనక కథ తెలిస్తే వ్యంగ్యం ఇంకా పదునుగా తగులుతుంది. ఇటలీలో టీవీ చాలాకాలం ప్రభుత్వ సంస్థ రాయ్ గుత్తాధిపత్యం. 1976లో రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక స్థాయిలో ప్రైవేటు ప్రసారాలకు దారి తెరిచింది. 1980లో బెర్లుస్కోనీ కనాలె 5 దేశమంతటి చానల్‌గా మొదలైంది. తర్వాత ఇటాలియా 1, 1984లో రేతె 4 కూడా ఆయన చేతికొచ్చాయి. చట్టం స్థానిక ప్రసారం వరకే అనుమతిస్తుండగా దేశమంతా ఎలా వేస్తారని 1984 అక్టోబరులో రోమ్, ట్యూరిన్, పెస్కారా మేజిస్ట్రేట్లు ప్రసారాలు ఆపించారు. కొద్దిరోజుల్లోనే ప్రధాని బెత్తీనో క్రాక్సీ ప్రత్యేక ఉత్తర్వుతో వాటిని మళ్లీ తెరిపించాడు. ఆ మరుసటి ఏడాదే ఫెల్లీనీ ఈ సినిమా తీశాడు. విడుదల 1986 జనవరిలో.

ఒక చిత్రం ఏమిటంటే, ఈ సినిమా నిర్మాణంలో ఫ్రెంచి, జర్మన్ భాగస్వాములతో పాటు రాయ్ మొదటి చానల్ కూడా ఉంది. ఆలోచన మొదలైంది కూడా మసీనా కోసం అనుకున్న ఒక టీవీ ధారావాహికలో భాగంగానే.

ఫెల్లీనీ తానే యాడ్ ఫిల్ములు తీశాడు కదా, మరి ఈ ఎగతాళి ఏమిటి?

తీశాడు. 1984లో కంపారీకి ఒకటి, 1985లో బరిల్లా పాస్తాకు ఒకటి. టీవీ కోసం 'క్లౌన్స్' (1970), 'ఆర్కెస్ట్రా రిహార్సల్' లాంటివి కూడా తీశాడు. ఆయన గొడవ టీవీ అనే పెట్టెతో కాదు, సినిమాను మధ్యలో ముక్కలు చేసి యాడ్లు దూర్చడంతో. ప్రైవేటు చానళ్లు సినిమాలను పదేపదే ఆపి ప్రకటనలు వెయ్యడం మీద ఆయన ఏళ్ల తరబడి పోరాడాడు. ఈ సినిమాలో కథ మధ్యలో అడ్డొచ్చే యాడ్లన్నీ ఆయన సొంతంగా తయారు చేసినవే. అడ్డు తగలడం ఎలా ఉంటుందో ప్రేక్షకుడికి అనుభవంలోకి తేవడమే వాటి పని. కాబట్టి విసుగొస్తే సినిమా సరిగ్గానే పనిచేస్తోందన్నమాట.

వెనకాల టీవీల్లో వచ్చేవి పట్టించుకోవాలా?

తప్పకుండా. రెండోసారి చూసేటప్పుడు ముందున్న మనుషులను వదిలేసి మూలల్లో టీవీలను మాత్రమే చూడండి, ఇంకో సినిమా కనిపిస్తుంది. స్టేషన్లో వేలాడే భారీ పంది కాలు జంపోనె. ఇది మోదేనా ప్రాంతపు వంటకం, పంది కాలి తోలులో మాంసం కూరి ఉడికిస్తారు. ఇటలీలో కొత్త సంవత్సరం వేళ చిరుశనగల్లాంటి లెంటిల్ పప్పుతో తింటారు. పండగ పూట ఇంట్లో తినే తిండి ఇక్కడ లొంబార్దోనీ సరుకై స్టేషన్ నడినెత్తికి ఎక్కింది. ఇంకోచోట మహాకవి దాంతే బొమ్మ రూపంలో వచ్చి, తన కావ్యం మొదటి పంక్తులు చదివి సరుకు అమ్మిపెడతాడు. ఇటలీలో బడి పిల్లలకు కూడా నోటికొచ్చే పంక్తులవి, అందుకే అక్కడ అంత నవ్వు. సబ్‌టైటిళ్లలో ఇది చాలాసార్లు జారిపోతుంది.

అతిథుల జాబితా కూడా అలాంటిదే. గాల్లోకి లేచే సన్యాసి, కిడ్నాపైన పారిశ్రామికవేత్త, మాఫియా నాయకుడు, పెళ్లి కోసం గురుత్వం వదిలేసిన క్యాథలిక్ ఫాదర్, తినదగిన లోదుస్తుల సృష్టికర్త, పొట్టివాళ్ల డ్యాన్సు బృందం, కాఫ్కా, ప్రూస్ట్, క్లార్క్ గేబుల్ పోలికలున్నవాళ్లు. వీళ్లలో ఒకామె నెలరోజులు టీవీ చూడకుండా ఉండటానికి డబ్బు తీసుకున్న గృహిణి. ఆ నెల ఎంత నరకమో చెప్పి ఏడుస్తుంది, ఇంకెప్పుడూ ఆ పని చెయ్యనంటుంది. సినిమా మొత్తంలో అతి క్రూరమైన జోకు ఇదేనని మా అభిప్రాయం.

గమనించాల్సింది మరొకటుంది. ఈ గుంపులో గొప్ప పని చేసినవాడికీ, నేరం చేసినవాడికీ, ఉత్త పోలిక మాత్రమే ఉన్నవాడికీ దక్కేది ఒకే మర్యాద, ఒకే తొందర. పిప్పో, అమేలియాలకు బతుకంతా చేసిన విద్య ఉంది. అతిథులందరినీ స్టూడియోకు తీసుకెళ్లే బస్సులో మాత్రం ఆ విద్యకు వేరే సీటు లేదు.

డ్యాన్సు అంత గొప్పగా లేదేమిటి?

గొప్పగా ఉంటే సినిమా చెడిపోయేది. షూటింగ్ నాటికి మసీనాకు అరవై నాలుగు, మాస్త్రోయాన్నికి అరవై దాటాయి. ఇద్దరూ వృత్తి డ్యాన్సర్లు కారు. పాత్రలు కూడా ముప్పై ఏళ్లుగా అడుగు వెయ్యనివాళ్లు, రిహార్సల్‌కు సరైన చోటు కూడా దొరకనివాళ్లు. వయసు మీద పడ్డ ట్యాప్ డ్యాన్సులో ముందు పోయేది ఊపిరి, తర్వాత మడమ, ఆ తర్వాతే తాళం. మాస్త్రోయాన్ని ఈ వరుసను పొల్లుపోకుండా చూపిస్తాడు. మొదటి అడుగులకే నోరు తెరుచుకుంటుంది, తిరుగుళ్లలో చెయ్యి ఆనుకోవడానికి అమేలియాను వెతుకుతుంది, చివరికి కిందపడతాడు. మసీనా చేసేది వేరు. ఆమె అడుగులు పద్ధతిగానే పడతాయి, కళ్లు మాత్రం తన స్టెప్పుల మీద కాకుండా అతని మోకాళ్ల మీద ఉంటాయి.

ఆట మొదలవుతూనే స్టూడియోలో కరెంటు పోతుంది. దేశమంతా చూస్తున్న ప్రసారం ఒక్కసారిగా ఆగి, ఆ చీకట్లో ఇద్దరూ నేల మీద కూర్చుని సినిమాలో మొదటిసారి తీరిగ్గా, అడ్డులేకుండా మాట్లాడుకుంటారు. పారిపోదామా అనుకుంటారు. లేచి బయల్దేరేలోపు లైట్లు వచ్చేస్తాయి. టీవీ ఆగితేనే మనుషులు మాట్లాడుకుంటారన్న మాటను ఫెల్లీనీ ఒక్క డైలాగు లేకుండా ఒక ఫ్యూజుతో చెప్పేశాడు.

ట్యాప్ డ్యాన్సు బానిసల రహస్య భాష అని పిప్పో అంటాడు, నిజమా?

సగం. పిప్పో లెక్కలో అది తోటల్లో బానిసలు అడుగుల చప్పుడుతో పంపుకున్న మోర్స్ కోడ్ లాంటిది. మోర్స్ సంకేతాలు 19వ శతాబ్దం నాటివి, బానిసల పాదతాళాలు అంతకంటే పాతవి. ఒకటి మాత్రం నిజం. 1739లో సౌత్ కరోలినాలో జరిగిన స్టోనో తిరుగుబాటు తర్వాత, 1740 చట్టంతో అక్కడ బానిసలు డప్పులు వాయించడం నిషేధించారు. డప్పు పోయినచోట చేతులు, పాదాలు తాళం పట్టాయి. తర్వాత అది ఐరిష్ జిగ్, ఇంగ్లిష్ చెక్కచెప్పుల నాట్యాలతో కలిసి ట్యాప్ అయింది. తన పొట్టకూటి ఆటకు అంత పెద్ద చరిత్ర తగిలించుకోవాలన్న పిప్పో తాపత్రయమే ఆ సన్నివేశానికి ప్రాణం.

పెదవులకూ మాటకూ పొంతన కుదరడం లేదు. నా కాపీ పాడైందా?

పాడవలేదు. ఆ కాలపు ఇటాలియన్ సినిమాలకు మాటలు షూటింగ్ తర్వాత స్టూడియోలో చేర్చేవారు. ఫెల్లీనీ అయితే కెమెరా తిరుగుతుండగానే నటులతో మాట్లాడుతూ ఉండేవాడు, చిన్న పాత్రలవాళ్లతో డైలాగు బదులు అంకెలు లెక్కపెట్టించేవాడు. డైలాగు తర్వాత రాసి వేరే గొంతుతో పెట్టేవాడు. అందుకే చిన్న పాత్రల్లో తేడా ఎక్కువ, మసీనా, మాస్త్రోయాన్నిల దగ్గర తక్కువ. ఇంగ్లిష్ డబ్బింగ్ ట్రాక్ ఉన్నా ఇటాలియన్‌లోనే చూడండి. వెనకాల టీవీల గోల, యాంకర్ గొంతు పైపూత డబ్బింగ్‌లో చదునైపోతాయి.

మొదటి నుంచి చివరి దాకా ఆలస్యం ఒకేలా ఉండి, ప్రధాన పాత్రల్లోనూ కనిపిస్తే అది మీ ప్లేయర్ లేదా బ్లూటూత్ స్పీకర్ సమస్య. తీగ ఉన్న స్పీకర్ పెట్టి చూస్తే తేలిపోతుంది.

సబ్‌టైటిళ్లు మొదట్లో బాగానే ఉండి పోనుపోను జారిపోతున్నాయి. ఏం చెయ్యాలి?

ఇది ఫ్రేమ్ వేగం తేడా. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. యూరప్ డీవీడీలు 'పాల్' (PAL) అనే అక్కడి టీవీ పద్ధతిలో 25 ఫ్రేములకు పెంచి నడుపుతాయి. దాంతో 125 నిమిషాల సినిమా 120 నిమిషాలకు వచ్చేస్తుంది. డీవీడీకి చేసిన సబ్‌టైటిల్ ఫైలును బ్లూరే కాపీకి జోడిస్తే గంటకు రెండున్నర నిమిషాల చొప్పున ముందుకు పోతుంది, చివర్లో ఐదు నిమిషాల తేడా. ప్లేయర్‌లో ఆలస్యం సర్దడం దీనికి పనికిరాదు, ఒకచోట కలిపితే ఇంకోచోట తప్పుతుంది. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ఫ్రేమ్ రేట్ మార్చే చోట 25 నుంచి 23.976కు (బ్లూరేల్లో 24 బదులు తరచుగా ఉండే వేగం) అని ఇచ్చి సేవ్ చెయ్యండి. తర్వాత మొదటి డైలాగు, చివరి డైలాగు రెండూ సరిచూడండి. మొదట్లోనే స్థిరమైన తేడా ఉంటే అప్పుడు వీఎల్‌సీ ప్లేయర్‌లో జి, హెచ్ కీలతో సర్దుకోవచ్చు, ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు కదులుతుంది. చివరికి వచ్చేసరికి ఏడెనిమిది సెకన్లే తేడా ఉంటే అది 24కూ 23.976కూ మధ్య గొడవ.

మా ఫిల్మ్ క్లబ్‌లో వెయ్యాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

డిస్క్ కొన్నంత మాత్రాన నలుగురికీ వేసి చూపించే హక్కు రాదు. టికెట్ లేకపోయినా సరే, హక్కుదారు నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. ఇటాలియన్ సినిమాల విషయంలో ఢిల్లీ, ముంబైల్లో ఉన్న ఇటాలియన్ సాంస్కృతిక కేంద్రాలకు ముందు ఉత్తరం రాయడం మంచి మొదలు.

థియేటర్ కాపీ, అంటే డీసీపీ వస్తే అది తాళం వేసిన ఫైలా కాదా కనుక్కోండి. తాళం చెవి ఫైలు మీ హాలు సర్వర్‌కు మాత్రమే, ఇచ్చిన గంటల మధ్య మాత్రమే పనిచేస్తుంది. సర్వర్ సీరియల్ నంబరు తప్పుగా పంపితే ఆట రోజు నల్ల తెర చూడాల్సిందే. ముందురోజే పది నిమిషాలు వేసి, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు అందులో ఉన్నాయో లేదో కూడా చూడండి.

ధ్వని కొంచెం తగ్గించి పెట్టండి. ఈ సినిమాలో టీవీలు, లౌడ్‌స్పీకర్లు, హోటల్ లాబీ అన్నీ ఒకేసారి మోగుతాయి. మామూలు డ్రామాకు పెట్టిన స్థాయిలో వేస్తే అరగంటకే జనం తలపట్టుకుంటారు. ఇంటర్వెల్ వద్దు. తప్పదంటే హోటల్ నుంచి అతిథులంతా స్టూడియోకు బయల్దేరే చోట ఇవ్వండి. సినిమా అక్కడ సహజంగానే రెండుగా విడిపోతుంది. స్టూడియో భాగంలో ఎక్కడ ఆపినా ఒత్తిడి పోతుంది, కరెంటు పోయే సన్నివేశం చప్పగా తేలిపోతుంది. ఆట మొదలయ్యే ముందు పరిచయంలో ప్రైవేటు టీవీ చరిత్ర రెండు నిమిషాలు చెబితే చాలు.

జింజర్ రోజర్స్ వేసిన కేసు ఏమైంది?

ఓడిపోయింది. కానీ ఆ తీర్పు సినిమా కంటే ఎక్కువ కాలం వార్తల్లో నిలిచింది. తన పేరు వాడి, సినిమా తన గురించేనని లేదా తన అనుమతితో తీశారని జనాన్ని నమ్మిస్తున్నారని ఆమె అమెరికాలో నిర్మాత గ్రిమాల్దీ, పంపిణీదారు ఎంజీఎం/యూఏల మీద దావా వేసింది. 1988లో న్యూయార్క్ జిల్లా కోర్టు కొట్టేసింది. 1989 మేలో రెండో సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని సమర్థించింది, తీర్పు రాసింది జడ్జి జాన్ న్యూమన్.

కోర్టు రెండు ప్రశ్నలు వేసుకుంది. ఆ పేరుకు కథతో కళాపరమైన సంబంధం ఉందా? సంబంధం ఉన్నా, పేరు జనాన్ని బాహాటంగా తప్పుదోవ పట్టిస్తోందా? పాత్రల స్టేజీ పేర్లే జింజర్, ఫ్రెడ్ కాబట్టి మొదటిదానికి అవును, పేరులో ఎక్కడా ఆమె ఆమోదం ఉన్నట్టు చెప్పలేదు కాబట్టి రెండోదానికి కాదు. దీనికే 'రోజర్స్ పరీక్ష' అని పేరు. 2002లో బార్బీ బొమ్మల కంపెనీ ఒక పాప్ పాట మీద వేసిన కేసులోనూ ఇదే పరీక్ష వాడారు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, జాక్ డేనియల్స్ విస్కీ సీసాను పోలిన, కుక్కలు ఆడుకునే బొమ్మ కేసులో దీని పరిధి తగ్గించింది. ఎదుటివారి గుర్తును తన సరుకుకే బ్రాండుగా వాడుకుంటే ఈ రక్షణ వర్తించదని చెప్పింది. సినిమా పేర్ల విషయం ఆ తీర్పు పెద్దగా కదిలించలేదు.

ప్రేగ్‌లోని 'జింజర్ అండ్ ఫ్రెడ్' భవనానికీ దీనికీ సంబంధం ఉందా?

లేదు. వ్లాదో మిలునిచ్, ఫ్రాంక్ గెహ్రీ రూపకల్పనలో 1996లో పూర్తయిన ఆ డ్యాన్సింగ్ హౌస్‌కు ముద్దుపేరు హాలీవుడ్ జంట మీదుగానే వచ్చింది.

అవార్డులు?

1986 బెర్లిన్ ఉత్సవం ఈ సినిమాతోనే మొదలైంది, పోటీలో మాత్రం లేదు. ఇటలీ దవీద్ ది దొనాతెల్లో పురస్కారాల్లో మాస్త్రోయాన్నికి నటుడిగా, పియొవానికి సంగీతానికి, దొనాతికి దుస్తులకు బహుమతులు వచ్చాయి.

చివర్లో వాళ్లు కలిసిపోతారా? (ముగింపు ఇక్కడ ఉంది)

కలవరు. ప్రసారం అయ్యాక టెర్మినీ స్టేషన్లో కుర్రాళ్లు ఆటోగ్రాఫులు అడుగుతారు. టీవీలో కనిపించారు కాబట్టి అడుగుతారు, ఎవరో తెలిసి కాదు. పిప్పో ఆమె దగ్గర డబ్బు అప్పు తీసుకుంటాడు. రైలు కదిలేముందు తమ పాత డ్యాన్సు నంబరులోని ఓడ సైరన్ కూత నోటితో కూస్తాడు. ఆ నంబరులో ప్రేమికుడు ఓడెక్కి వెళ్లిపోతుంటే ప్రియురాలు ఆపాలి. అమేలియా ఒక అడుగు ముందుకు వేస్తుంది కూడా. ఇక్కడ వెళ్లాల్సింది ఆమె, ఉండిపోయేది అతను. ఫెల్లీనీ పాత్రలను మార్చేశాడు, కూత మాత్రం అదే ఉంచాడు. ఇది మెలోడ్రామా అని విసుక్కున్నవాళ్లున్నారు. అప్పు తీసుకున్న సంగతి గుర్తుపెట్టుకుని చూస్తే అలా అనిపించదు.

దీని ముందూ వెనకా ఏం చూడాలి?

ముందు 'వెరైటీ లైట్స్', 'లా స్ట్రాడా' (1954). సంచార కళాకారులను ఫెల్లీనీ ఎలా చూస్తాడో, మసీనా మొహం ఎన్ని పనులు చేస్తుందో ఈ రెంటితో తెలుస్తుంది. మాస్త్రోయాన్ని కోసం 'లా దోల్చే వీటా' (1960). అందులో సోకుగా తిరిగిన మనిషిని ఇక్కడ పలచబడ్డ జుట్టుతో చూడటం ఒక అనుభవం. తర్వాత 'ఇంటర్విస్టా' (1987). మాస్త్రోయాన్ని, అనీతా ఎక్‌బెర్గ్ తమ పాత సినిమాను తామే చూసుకునే సన్నివేశం అందులో ఉంది. 'జూలియట్ ఆఫ్ ది స్పిరిట్స్'ను ఇప్పుడే ముట్టుకోకండి, ఆ రంగుల హోరులో పడితే ఈ చిన్న సినిమా వెలవెలబోతుంది.